పంట పండుగ ప్రసంగం, ఆగిపోయిన స్లాబు

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనాలు. మాది అమలాపురం దగ్గర పల్లె. పగలు మందుల షాపులో పని చేస్తాను. ఆదివారాలు మా సంఘంలో అప్పుడప్పుడు వాక్యం చెబుతుంటాను, జీతమేమీ లేదు. సంక్రాంతి వెళ్ళాక మా పంట పండుగ. ఈసారి ఇవ్వడం గురించి నన్ను చెప్పమన్నారు మా పాస్టరు గారు. మందిరం స్లాబు దగ్గర ఆగిపోయింది. "కాస్త గట్టిగా చెప్పు, జనం కదలాలి" అన్నారు సంఘ పెద్దలు. మా సంఘంలో ఎక్కువమంది కూలీలు, కౌలు రైతులు. ఇద్దరు ముగ్గురికి రొయ్యల చెరువులున్నాయి. కొన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు కువైట్‌లో ఉన్నారు. మా అమ్మ రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది, మందిరంలో ముందు వరుసలోనే కూర్చుంటుంది. అమ్మ ముఖం చూస్తూ "ఇంకా ఇవ్వండి" అని ఎలా చెప్పాలో తెలియడం లేదు. యూట్యూబ్‌లో ఈ అంశం మీద ప్రసంగాలు చాలా విన్నాను. ఒకటి దించేసి చెప్పేద్దామా అని కూడా అనిపిస్తోంది. దారి చూపండి.
— పేరు వద్దన్న ఒక సోదరుడు

జవాబు: తమ్ముడికి వందనాలు.

మీ పెద్దలు నిన్నడిగింది ప్రసంగం కాదు, చందా వసూలు. వసూలు చెడ్డ పనని నేననను. స్లాబు పడకపోతే వానాకాలం మీరంతా గొడుగులేసుకుని ఆరాధన చేసుకోవాలి. కానీ ఒకే మనిషి ఒకే గంటలో రెండు పనులూ చేస్తే రెండూ చెడతాయి. నువ్వు బైబిల్ తెరిచి ఏ వచనం చదివినా జనం చూపు పైన బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వల మీదే ఉంటుంది. "ఇదిగో, ఇప్పుడు అడుగుతాడు" అని కాచుకుని కూర్చుంటారు. వాళ్ళ తప్పేమీ లేదు, మనమే అలా అలవాటు చేశాం. మన సంఘాల్లో ఇవ్వడం గురించి ప్రసంగం వినబడేది ఎప్పుడు? ప్రహరీ కట్టాలన్నప్పుడు, మైకు సెట్టు కొనాలన్నప్పుడు, సభలు పెట్టినప్పుడు. ఏ అవసరమూ లేని ఆదివారం ఔదార్యం గురించి చెప్పిన బోధకుణ్ణి చూపించమంటే నేను కాసేపు ఆలోచించాలి.

కాబట్టి ప్రసంగం తయారు చెయ్యకముందే పెద్దల దగ్గరికి వెళ్ళు. మర్యాదగానే అడుగు: "స్లాబు సంగతి కోశాధికారి గారు చెబితే బాగుంటుందండి. ఇంతవరకూ ఎంత వచ్చింది, సిమెంటుకి ఎంత, ఇనుముకి ఎంత, మేస్త్రీకి ఎంత బాకీ, ఇంకా ఎంత కావాలి అని కాగితం మీద రాసి చదివితే చాలండి. నేను వాక్యం చెబుతాను." ఈ మాట అనడానికి నీ వయసుకి కొంచెం ధైర్యం కావాలి. పౌలు ఉన్నాడు నీ పక్షాన. రెండవ కొరింథీ 8, 9 అధ్యాయాలు మనం కానుక పట్టే ముందు చదువుతాం గానీ, 8వ అధ్యాయం చివరి భాగం దాకా రాం. యెరూషలేములో బీదలైన విశ్వాసుల కోసం పోగుచేసిన ఆ డబ్బు విషయంలో తన మీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నానని ఆయన రాశాడు. తీతుతో పాటు, సంఘాలన్నీ మెచ్చిన మరో సోదరుణ్ణి పంపాడు. అంతటి అపొస్తలుడికే లెక్క చూపించే సాక్షులు కావలసి వచ్చింది. లెక్క తెలియని చోట ఇవ్వని మనిషిని పిసినారి అనడం అన్యాయం.

చాలా పల్లెల్లో స్లాబు ఆగేది జనానికి మనసు లేక కాదు, పోయినసారి ఇచ్చిందేమైందో ఎవరూ చెప్పక.

ఇప్పుడు ప్రసంగం. మలాకీ 3వ అధ్యాయం తెరవాలని నీ చెయ్యి లాగుతుంది. దశమ భాగం, ఆకాశపు వాకిళ్ళు, పట్టజాలనంత దీవెన. వద్దని అనను గానీ, తెరిస్తే మొత్తం తెరువు. అదే అధ్యాయం 5వ వచనంలో, కూలివాళ్ళ కూలి విషయంలో బాధపెట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళనీ తండ్రిలేని పిల్లలనీ పరదేశులనీ అణగదొక్కేవాళ్ళ మీద దేవుడు సాక్షిగా నిలబడతానంటాడు. పదో వచనం చదివి అయిదో వచనం దాటేసే బోధకుడి ముందు మీ అమ్మలాంటివాళ్ళు తల వంచుకుని కూర్చుంటారు. ఆ పుస్తకం మొదట్లో తిట్లు తిన్నది యాజకులు. కుంటి జంతువుల్నీ గుడ్డి జంతువుల్నీ బలిపీఠం మీద పెట్టనిచ్చారని. అది కూడా ఎవరూ చదవరు.

నన్నడిగితే పంట పండుగకి రూతు 2వ అధ్యాయం తీసుకో. మన డెల్టా జనానికి అది చెప్పక్కర్లేకుండానే సగం అర్థమయ్యే అధ్యాయం. కోత చేను, ముందు కోసుకుపోయే కూలీలు, వెనక పరిగె ఏరుకునే పరాయి దేశపు విధవరాలు రూతు, గట్టు మీద ఆసామి బోయజు. మీ సంఘంలో యాభై దాటిన ప్రతి ఆడమనిషికీ పరిగె ఏరిన చేతులున్నాయి. కొడవళ్ళతో కోసిన రోజుల్లో సార్వా మాసూళ్ళప్పుడు పిల్లలు చేలల్లోకి దిగి రాలిన కంకులు ఏరుకునేవాళ్ళు. కొందరు ఆసాములు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు, కొందరు కర్ర పట్టుకుని తరిమేవాళ్ళు. ఇద్దరి పేర్లూ ఊళ్ళో ఇప్పటికీ తెలుసు. ఇప్పుడు కోత యంత్రం గంటలో ఎకరం తినేసి పోతోంది. దాని వెనకాల నడిచి ఏరుకునేంత ఏమీ మిగలదు.

బోయజు ఏం చేశాడో చూడు. ఇది లేవీయకాండం 19లోనూ ద్వితీయోపదేశకాండం 24లోనూ ఉన్న కట్టడే: చేను అంచుల దాకా కోసుకోకూడదు, మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్ళకూడదు, అది పరదేశికి, తండ్రిలేనివాడికి, విధవరాలికి. బోయజు ఆ కట్టడ నిలబెట్టి అక్కడితో ఆగలేదు. పనల్లోంచి కావాలనే కొన్ని కంకులు లాగి పడెయ్యండి, ఆమెని గద్దించకండి అని తన పనివాళ్ళకి చెప్పాడు. దానం చేస్తున్నట్టు ఆమెకి తెలియకూడదు. ఏరుకున్నది తన కష్టమే అనుకుని తల ఎత్తుకుని ఇంటికి పోవాలి. మన పంట పండుగల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. ఎవరెంత ఇచ్చారో మైకులో పేరుపెట్టి చదువుతాం. వేలం పాటలో చెరువున్నాయన గుమ్మడికాయని వేలకి పాడితే చప్పట్లు కొడతాం. ఆ గుమ్మడికాయ పెంచి తెచ్చిన ముసలమ్మ ఎవరో ఎవరికీ పట్టదు. వేలం మానెయ్యమని చెప్పను, అది మన ఊళ్ళ సందడి, పిల్లలు దానికోసమే ఎదురు చూస్తారు. పేర్లు, అంకెలు మైకులో చదవడం మాత్రం ఆపించు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాటకీ ఆ మైకుకీ ఎలా పొసుగుతుంది?

మీ అమ్మ ముఖం చూసి ఎలా చెప్పాలన్నావు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే నచ్చిన వాక్యం అదే, ఎందుకంటే ఆ భయం లేనివాళ్ళే ఈ అంశం మీద ఎక్కువ మాట్లాడుతున్నారు. రూతు 2లో 14వ వచనం, 18వ వచనం పక్కపక్కన పెట్టి చదువు. భోజనం వేళ బోయజు పెట్టింది రూతు కడుపునిండా తిని, కొంత మిగుల్చుకుంది. సాయంత్రం ఆ మిగిలింది తెచ్చి అత్తకి పెట్టింది. ఆ కథలో ఇచ్చేవాడు ఆసామి ఒక్కడే కాదు. పరిగె ఏరుకునే మనిషి కూడా ఇస్తోంది. మీ సంఘంలో కూలీలకి ఇవ్వడం నేర్పాలని వెళ్ళకు. వాళ్ళు నీకంటే ముందు నేర్చుకున్నారు. అన్నం వండేటప్పుడు పిడికెడు బియ్యం తీసి విడిగా పోసి ఆదివారం మందిరానికి తెచ్చే ఆడవాళ్ళు మీ సంఘంలో ఉంటారు. పక్కింట్లో జ్వరమొస్తే ఆ ఇంటి పిల్లలకి అన్నం పెట్టి బడికి పంపేది వాళ్ళే. ఏటిగట్టు మీదికి వరద వచ్చినప్పుడు లంకల నుంచి వచ్చినవాళ్ళకి చాప పరిచింది కూడా ఎక్కువగా రెండు గదుల ఇళ్ళవాళ్ళే. ప్రసంగంలో వాళ్ళ పేర్లు చెప్పకు, సిగ్గుపడతారు. చేసిన పని చెప్పు చాలు. తమని అడుగుతున్నారని కాక, తమ గురించి చెబుతున్నారని తెలిస్తే మీ అమ్మ తల ఎత్తి వింటుంది.

విధవరాలి రెండు కాసుల కథ కూడా ఈ సందర్భంలో అందరూ చెబుతారు. మార్కు 12లో ఆ కథకి ఒక్క అడుగు ముందు, విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే శాస్త్రుల గురించి యేసు హెచ్చరించాడు. ఆ వెంటనే ఆ విధవరాలు వచ్చి తనకున్నదంతా వేసింది. ఆయన మెచ్చుకున్నది ఆమెని. ఆ కానుకల పెట్టె చుట్టూ ఉన్న పెద్దల్ని మెచ్చుకున్నట్టు నాకెక్కడా కనబడలేదు. డ్వాక్రా వాయిదా కట్టాల్సిన వారంలో, ఫైనాన్సు వాడు గుమ్మం దగ్గర నిలబడ్డ వారంలో, ఒకామె అప్పు చేసి కానుక తెస్తే సంఘం తీసుకోకూడదు. పౌలు స్పష్టంగా రాశాడు, ఉన్నదాన్ని బట్టే గాని లేనిదాన్ని బట్టి కాదని. అదీ ఆ 8వ అధ్యాయంలోనే. ఈ మాట ఒక్కటి నువ్వు మైకులో గట్టిగా చెప్పు. పెద్దలు గట్టిగా చెప్పమన్నారు గదా.

విత్తనం మాట గురించి కొంచెం చెప్పాలి. యూట్యూబ్‌లో నువ్వు విన్నవాటిలో సగం అదే అయివుంటాయి: వెయ్యి విత్తితే లక్ష కోస్తావు. ఈ మాట పట్నంలో చెల్లుతుందేమో గానీ, వరి పండించే జనం ముందు చెప్పడానికి కొంచెం మొండి ధైర్యం కావాలి. విత్తనం గురించి వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. నారు పోస్తే ఊడ్పులవుతాయని, ఊడ్పులయితే గింజ చేతికొస్తుందని వాళ్ళెవరూ పూచీ ఇవ్వరు. 1996 నవంబరు తుఫానులో చేతికొచ్చిన సార్వా నేల మీద పడిపోవడం, కొబ్బరి చెట్లు వేళ్ళతో లేచిపోవడం చూసిన ఊళ్ళు మీవి. ఆ ఏడు కోల్పోయిన వాళ్ళంతా కానుక ఇవ్వనివాళ్ళా? రెండవ కొరింథీ 9లో పౌలు విత్తనం మాట వాడాడు, నిజమే. కానీ కోతకొచ్చేది నీతిఫలాలని అక్కడే రాశాడు, దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లుతాయని రాశాడు. పొలం కొంటావని రాయలేదు.

ఇక చెరువులున్నవాళ్ళు. వాళ్ళని వేదిక మీది నుంచి కుళ్ళబొడిచి కూలీల చేత ఆమెన్ అనిపించుకోవడం సులువు. అది కూడా చెయ్యకు. చెరువున్న ప్రతివాడూ ధనవంతుడని అనుకోకు. మేత కొట్టు బాకీ, కరెంటు బిల్లు, తెగులు వస్తే రాత్రికి రాత్రి తెల్లబోయే చెరువు. 2025లో అమెరికా మన రొయ్యల మీద సుంకం పెంచినప్పుడు ఎంతమందికి నిద్ర లేదో నీకే తెలుసు. వాళ్ళకీ కాపరి మాట కావాలి. మొదటి తిమోతి 6 చివర్లో ధనవంతులకి చెప్పిన మాటలు మెత్తగా ఉంటాయి, తూకంగా ఉంటాయి: అస్థిరమైన ధనాన్ని నమ్ముకోవద్దు, అనుభవించడానికి అన్నీ ధారాళంగా ఇచ్చే దేవుణ్ణి నమ్ముకోండి, మేలు చేయడంలో ధనవంతులు కండి. అయితే ఒక్క విషయంలో మెత్తదనం పనికిరాదు. కూలి సమయానికి ఇవ్వని ఆసామి మందిరానికి ఫ్యాను ఇస్తే ఆ ఫ్యాను కింద కూర్చున్న కూలీకి గాలి తగలదు. యాకోబు 5:4 చదివి ఊరుకో, వ్యాఖ్యానం అక్కర్లేదు. ముందు కూలి, తర్వాత కానుక. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా బీదలకి సగం ఇస్తానని అన్న నోటితోనే అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు.

కువైట్ నుంచి వచ్చే డబ్బు దగ్గర మరీ మెల్లగా నడు. అక్కడ ఒక తల్లి వేరేవాళ్ళ పిల్లల్ని పెంచి పంపిన డబ్బు అది. దాంతో గేటు మీద భర్త పేరు చెక్కించుకోవడం నేను చూశాను. ఇంట్లో అత్తగారి మందులు ఆగిపోతున్నా కానుక మాత్రం ఆగకూడదనుకునే వాళ్ళున్నారు. మార్కు 7లో కొర్బాను, అంటే దేవునికి అర్పించేశాం అని చెప్పి తల్లిదండ్రులకి చెయ్యాల్సింది ఎగ్గొట్టినవాళ్ళని యేసు ఏమన్నాడో చూసి వెళ్ళు. నీకు మందుల షాపు కదా, ఎవరి మందులు ఏ నెలలో ఆగుతాయో నీకు తెలిసినంత పాస్టరు గారికి తెలియదు.

ఒక ఉదాహరణ మీ పక్కనుంచే ఇస్తాను. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వచ్చినవాళ్ళ కులం అడగకుండా వేళాపాళా లేకుండా అన్నం పెట్టారని మన ప్రాంతంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. వైనతేయ మీద గన్నవరం అక్విడక్ట్‌కి ఆమె పేరే పెట్టారు, బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆమె పేరే. మందిరంలో ఆమె పేరెత్తవచ్చా అని ఎవరైనా మొహం చిట్లిస్తే, మంచి సమరయుణ్ణి ఉదాహరణగా చెప్పింది ఎవరో అడుగు. వాక్యం తెలిసిన యాజకుడు, లేవీయుడు పక్కనుంచి పోతుంటే ఆగినవాడు సమరయుడు. బయటివాళ్ళ ఔదార్యాన్ని మెచ్చుకోలేని నోరు లోపలివాళ్ళకి ఔదార్యం నేర్పలేదు.

దించేసి చెప్పడం గురించి అడిగావు. వద్దు. పాపమని భయపెట్టడం లేదు. ఆ ప్రసంగం చెప్పినాయనకి మీ ఊళ్ళో దాళ్వాకి నీళ్ళొచ్చాయో లేదో తెలియదు. వినడం మంచిదే, నేనూ వింటాను. కానీ వచనం ముందు నువ్వే నాలుగైదు రోజులు చదువు, ఆ తర్వాత విను. క్రమం మారితే నీ బుర్రలోకి వచనం రాదు, ఆయన గొంతు వస్తుంది. మన కుర్రాళ్ళు కొందరు మాటే కాదు, దగ్గు కూడా అనుకరిస్తున్నారు. బుధవారం నాటికి ఒక్క వాక్యంలో చెప్పగలగాలి నువ్వేం చెప్పబోతున్నావో. చెప్పలేకపోతే అధ్యాయం మళ్ళీ చదువు. శుక్రవారం మీ అమ్మకి పూర్తిగా చెప్పి చూడు. ఎక్కడ ఆమె చూపు పక్కకి తిరిగిందో అక్కడ కొట్టెయ్.

నీ పక్కన ఇంకో ఇద్దరు ముగ్గురు బోధకులు ఉండే ఉంటారు, మీ సంఘంలో కాకపోతే పక్క ఊరి బాప్టిస్టు సంఘంలోనో లూథరన్ సంఘంలోనో. వారానికో సాయంత్రం కూర్చుని ఒకే వచనభాగం చదవండి. ఒకరు చెబితే మిగతావాళ్ళు "నాకు వినబడింది ఇది" అని మాత్రమే చెప్పాలి. బాగుంది, బాగోలేదు అనకూడదు. నేను చూసినంతలో బోధకుణ్ణి పదును పెట్టేది ఇదే, పెద్ద సభలు కావు. వీలైతే స్త్రీల సమాజం నుంచి ఒకామెని కూడా పిలవండి. సంఘంలో ఎవరింట్లో ఏముందో, ఏం లేదో ఆమెకే తెలుసు.

దీనికి సంఘం కూడా చెయ్యి వెయ్యాలి. ఇది మీ పెద్దలకి చూపించు. బోధకుణ్ణి పోషించడమంటే పండక్కి బట్టలు పెట్టడం ఒక్కటే కాదు. మంచి బైబిల్ నిఘంటువు ఒకటి, వ్యాఖ్యానాలు కొన్ని సంఘం సొమ్ముతో కొని మందిరం బీరువాలో పెడితే, మీ తర్వాత వచ్చే కుర్రాళ్ళకి కూడా ఉంటాయి. బయటినుంచి బోధకుణ్ణి పిలిస్తే ఇచ్చేదేదో ముందే నిర్ణయించి ముందే చెప్పండి. ప్రసంగమయ్యాక వచ్చిన కానుకని బట్టి కవరు బరువు మారుతుందని తెలిస్తే ఎంత నిజాయితీపరుడికైనా గొంతు పెరుగుతుంది.

1836లో మిషనరీ ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాల వెనక నెలనెలా జీతం కట్టే మిషన్ సంస్థ లేదు. మనుషుల్ని అడక్కుండా దేవుని మీద ఆధారపడాలన్నది వాళ్ళ పట్టుదల. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల కూడికల్లో ఆ పద్ధతి వాసన ఇంకా ఉంది. గొప్ప సంగతే. కానీ ఆ సాక్ష్యం చెప్పుకుని తమ పాస్టరు గారి జీతం పెంచకుండా తప్పించుకునే పెద్దలు కూడా ఉన్నారు. విశ్వాసంతో బతకాల్సింది ఆయనొక్కడేనా? నెహెమ్యా 13లో, తమ వాటా అందక, ఆలయ సేవ చేసే లేవీయులు ఎవరి పొలానికి వాళ్ళు వెళ్ళిపోయారు. నెహెమ్యా లేవీయుల్ని తిట్టలేదు. అధికారుల్ని అడిగాడు, నమ్మకస్తుల్ని ఖజానా మీద పెట్టాడు. మీరంతా అమ్మగారని పిలిచే పాస్టరు గారి భార్య వచ్చినవాళ్ళందరికీ కాఫీ పెట్టి భోజనం పెట్టి పంపుతుంటారు కదా, ఆ బియ్యం ఎక్కడివో ఎప్పుడైనా అడిగారా?

ఈ మాట పాస్టరు గారు తన నోటితో చెప్పలేరు. నువ్వు చెప్పగలవు. నీకు జీతం లేదు, నీకొచ్చే లాభం లేదు. అయితే పంట పండుగ రోజు కాదు. ఇంకో ఆదివారం, ఆయన వేరే ఊరు వెళ్ళిన ఆదివారం చూసుకుని గలతీ 6:6 మీద చెప్పు, వాక్యం నేర్చుకునేవాడు నేర్పేవాడికి తనకున్న మంచివాటిలో భాగమివ్వాలన్న వచనం అది. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి చెబితే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు పాపం.

పండుగ రోజు ఒక్క ఏర్పాటు చేయించుకో. కానుక నీ ప్రసంగానికి ముందే పట్టేయమను. సంచి తిరిగిపోయాక జనం భుజాలు దిగుతాయి, అప్పుడు రూతు కథ మొదలుపెట్టు. దీనివల్ల ఆ రోజు వసూలు తగ్గుతుందని పెద్దలు గొణుగుతారు, తగ్గవచ్చు కూడా. లెక్క కాగితం చదివిన తర్వాత వారం చూడమను. ఇరవై అయిదు నిమిషాల్లో ముగించు, వేలం పాటకి తెచ్చిన కోళ్ళు కాళ్ళు కట్టేసి బయట ఎండలో ఉంటాయి.